ఆరు తడులు

పాలిథిన్ కప్పు కింద పొద్దున ఎనిమిదికే ఒళ్లు ఉడికిపోతుంది. అక్కడి టమాటాలకు రోజుకు ఆరు తడులు. ఎరువు కలిపిన నీళ్లు మొక్కకు ఎన్ని పడాలో, కుండీ అడుగు నుంచి ఎన్ని కారాలో గిన్నెతో కొలిచి నోటుబుక్కులో రాసేది ఇంటి కోడలే. తడి తప్పితే కాయ అడుగు నల్లబడుతుంది. తప్పింది కదా అని ఒకేసారి కుమ్మరిస్తే పగులుతుంది. రంగు తిరిగేటప్పుడు కాస్త తగ్గిస్తేనే తీపి నిలుస్తుంది. మూడేళ్లు కాయ కాయా చూసి నేర్చుకుంది. కొనడానికి వచ్చినవాళ్లతో మాత్రం భర్త, "నా లెక్క తప్పదండీ" అంటాడు. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే.

ఆ ఆరు తడులూ పెట్టే మనిషి సాయంత్రం దాకా గుక్కెడు నీళ్లు తాగదు. తాగితే వెళ్లడానికి చోటు లేదు. మగవాళ్లు షెడ్డు వెనక్కి పోతారు. ఇల్లు చూస్తే అరగంట నడక.

పోయిన నెల మూత్రంలో మంట, చలిజ్వరం. "ఆపుకుని ఆపుకుని కిడ్నీ దాకా తెచ్చుకున్నావమ్మా. ఇంకోసారి వస్తే మందులతో పోదు" అంది డాక్టరమ్మ.

"షెడ్డు పక్కన ఒక బాత్రూం కట్టిద్దామండీ" అని భర్తను అడిగింది.

"ముందు ఎరువు ట్యాంకు రానీ. కాసేపు ఆపుకోలేవూ?"

"మా కాలంలో ఈ వేషాలు లేవమ్మా" అంది అత్తగారు. అంటున్న ఆవిడ కాళ్లు వాచి ఉన్నాయి. ఎందుకు వాచాయో ఆ ఇంట్లో ఎవరూ ఏనాడూ అడగలేదు. అది చూసినప్పుడు కోడలికి కోపం కాదు, భయం వేసింది.

ట్యాంకు వచ్చింది, నీలం రంగుది. దానికి నీడ కోసం రేకు కూడా వేయించాడు.

ఈ రోజు పదకొండు గంటలకు ఆమెకు మళ్లీ మంట మొదలైంది. నాలుగో తడి వేళ. కుళాయి మీద వేసిన చెయ్యి తీసేసి, సీసాలో నీళ్లు ఆఖరి చుక్క దాకా తాగింది. నోటుబుక్కు తెచ్చి భర్త చేతిలో పెట్టింది. ఏ పేజీ చూడాలో తెలియక అతను తిప్పుతూ నిలబడ్డాడు.

"ఎక్కడికి? తడి వేళైంది!"

"ఇంటికి. గంటలో వస్తాను. ఇకనుంచి అవసరమైనప్పుడల్లా వెళ్తాను."

"ఈ ఎండలో మొక్కలు గంట ఆగుతాయా?"

ఆమె చెప్పులు వేసుకుంది.

"కాసేపు ఆపుకోమనండి."