బద్లీ బాలనర్సు ఎడమకాలి బూటు

నేను ఒక ఎడమకాలి బూటును. ఊళ్లో షికార్లు తిరిగే బూటును కాను, ఫుట్‌బాల్ ఆడే బూటును. మనుషులు మమ్మల్ని ఎప్పుడూ జతగానే లెక్కవేస్తారు. కానీ ఒకే రోజు ఒకే చేతిలో పుట్టినా నా రాత వేరు, నా కుడి జోడు రాత వేరు. అది ఎంతో కొంత సుఖపడింది. నేను మాత్రం ఒక మనిషి కాలిని కొరికి, ఆ నెత్తురు తాగి, చివరికి గౌరవం పొందాను. ఆ గౌరవం సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

సికింద్రాబాదులో రోడ్డు పక్క దుకాణం పెట్టుకున్న మొగులయ్య నన్ను కుట్టాడు. అతను పుట్టి బుద్ధెరిగాక చెప్పులే తప్ప బూట్లు కుట్టినవాడు కాదు. ఎవరో పారేసిన పాత ఆట బూటును ఎక్కడో సంపాదించి, విప్పి, లోపల ఏముందో చూసుకుని, ఇంతేనా అనుకుని నన్ను మొదలుపెట్టాడు. అడుగున పొరలు పొరలుగా తోలు అంటించాడు. బురదలో జారకుండా ఆ అడుగుకి తోలు గుబ్బలు పెట్టి సన్న మేకులతో బిగించాడు. పని మంచి పనే. కాదనను. కొలత ఇవ్వడానికి వచ్చినవాడి పాదం చూసి మాత్రం మొగులయ్య కొలతాడు పక్కన పెట్టేశాడు. వేళ్లన్నీ విచ్చుకుని, మడమ రాయిలా గట్టిపడి ఉందది. "ఇది కాలు కాదు అన్నా, చేట" అన్నాడు.

ఆ చేట కాలు బాలనర్సుది. హైదరాబాదులో ఒక నూలు మిల్లు ఉండేది, అందులో పనిచేసేవాడు. పనిచేసేవాడు అంటే పూర్తిగా నిజం కాదు. అతను బద్లీ. పొద్దున సైరన్ కూసేసరికి మిల్లు గేటు బయట బద్లీలంతా నిలబడేవారు. లోపల ఎవరికైనా జ్వరమో, ఎవరింట్లోనైనా చావో పెళ్లో అయి మగ్గం ఖాళీగా ఉంటే మేస్త్రీ బయటికి వచ్చి ఒకరిని వేలుతో చూపించేవాడు. ఆ వేలు తన వైపు తిరిగితే ఆ రోజు పని. తిరగకపోతే సద్ది గిన్నె పట్టుకుని వెనక్కి. వెనక్కి వెళితే భార్య ఆండాలు ముఖం చూడాలి కనుక, అతను ఆ అన్నం ఏ చెట్టు కిందో తిని, పొద్దు గూకాక పని చేసి అలిసినవాడిలా ఇంటికి పోయేవాడు. ఆమెకు అంతా తెలుసు. అయినా రోజూ గిన్నె కట్టి ఇచ్చేది. పెళ్లయినప్పటి నుంచీ ఈ నాటకమే.

అయితే మిల్లుకు ఒక ఫుట్‌బాల్ జట్టు ఉండేది. అందులో మాత్రం బాలనర్సు బద్లీ కాదు. ఎడమ అంచున బంతి పట్టుకుని పరుగెత్తాడంటే ఆపేవాడు లేడు. అంతా వట్టి కాళ్లతోనే. కానీ ఆ ఏడు జాతీయ కప్పు పోటీల పెద్దలు కొత్త నియమం పెట్టారు, బూట్లు లేనివాడు మైదానంలో ఉండకూడదని. అందుకే నేను పుట్టాను.

ఆ ఏటి సంగతి ఇంకొకటి ఉంది. పోటీలకు ముందు మిల్లు మేనేజరు కార్మికులందరినీ గేటు దగ్గర నిలబెట్టి ఒక మాట ఇచ్చాడు. కప్పు తెస్తే, ఫైనల్లో మైదానం మీద ఉన్న పదకొండుమందిలో బద్లీలు ఎవరున్నా వాళ్లను పర్మినెంటు చేస్తానన్నాడు. జట్టులో తక్కినవాళ్లంతా అప్పటికే పర్మినెంటు. బద్లీ ఒక్కడే ఉన్నాడు. చప్పట్లు అందరూ కొట్టారు. బాలనర్సు మాత్రం చేతులు కదపడం మరిచిపోయాడట.

ఇక ఈ కప్పు ఎలాంటిదో చెప్పాలి. ఇందులో ఒక్క ఆట ఓడితే మళ్లీ ఆడే వీలు లేదు. రేపు చూసుకుందాం అనే మాటే లేదు. ఓడినవాడు పెట్టె సర్దుకుని రైలెక్కాలి. మనుషులు దీన్ని వినోదమంటారు. ఊపిరి బిగబట్టి చూడడంలో ఏం వినోదముందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

మొదటి ఆట మా ఊళ్లోనే. ఆ రోజు నేను బాలనర్సు మడమను ఒలిచేశాను. కొత్త తోలు మరి, నేనేం చేయను? ఎలాగో గెలిచారు కానీ అతను కుంటుతూ ఇంటికొచ్చాడు. ఆండాలు నన్ను ఒళ్లో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, ఆముదం వెచ్చచేసి తెచ్చింది. వాళ్ల పుట్టింట్లో కొత్త చెప్పులు కరవకుండా ఆముదం పట్టించి మెత్తబరిచేవారు. బూటైనా తోలే కదా అని ఆమె లెక్క. పైన రాసింది. లోపల రాసింది. పాపం అడుగును ఎందుకు వదలాలనుకుందో, గుబ్బల మధ్య కూడా వేళ్లు పెట్టి రాసింది. రోజూ రాసేది. కరవని కుడి జోడుకు మాత్రం పైపైన రాసి వదిలేది. ఆమె చేతులు నా మీద తిరుగుతుంటే నాకెంత హాయిగా ఉండేదో చెప్పలేను. నన్ను అంత ప్రేమగా చూసినవాళ్లు మళ్లీ లేరు.

రెండో ఆటకల్లా నేను మెత్తబడ్డాను. ఆ పాదం నాలో ఇమిడిపోయింది. బాలనర్సు గోలు కొట్టాడు. తర్వాత మద్రాసులో ఇంకొకటి కొట్టాడు. మొదట్లో ఆముదం వాసనకు ముక్కు మూసుకున్న కోచ్ జబ్బార్ సాబ్, ఇప్పుడు ఆండాలు పంపిన నూనె సీసా తెచ్చావా అని తనే అడగడం మొదలుపెట్టాడు. బొంబాయిలో సెమీఫైనల్ ఆడుతుంటే కుండపోత వాన. అందరి బూట్లూ నీళ్లు తాగి బరువెక్కాయి. నూనె పట్టిన నా మీద నీటిబొట్టు నిలవలేదు. బాలనర్సు ఒక్కడే తేలిగ్గా పరుగెత్తాడు, మేము గెలిచాం. జట్టంతా ఆండాలు పేరు చెప్పుకుని నవ్వారు. నేను నవ్వలేదు. ఎందుకంటే అప్పటికే నా అడుగున జరుగుతున్నది నాకు ఒక్కదానికే తెలుసు.

ఆముదం పైతోలుకు మేలు చేసింది, అడుగును చంపేసింది. పొరల మధ్యకు దిగి అతుకులు వదులు చేసింది. తోలు ఉబ్బి మెత్తబడి మేకులకు పట్టు లేకుండా పోయింది. గుబ్బలు కదలసాగాయి. అడుగు వేసినప్పుడల్లా ఆ మేకులు కొంచెం కొంచెంగా లోపలికి, పైకి, అతని పాదం వైపు లేస్తున్నాయి. నోరుంటే అరిచేదాన్ని. ఒరే నాయనా, నన్ను విప్పి మొగులయ్యలాంటి వాడికి చూపించు అని మొత్తుకునేదాన్ని. బూటుకు నోరు ఎందుకు లేదో ఆ వారమంతా ఏడుస్తూనే ఉన్నాను.

ఫైనల్ కూడా బొంబాయిలోనే. ఆ నాటి పొద్దున బాలనర్సు నాలో చేయి పెట్టాడు. మేకు మొన తగిలింది. చేయి వెనక్కి తీసి, వేలికంటిన ఆముదం జిడ్డు చూసుకుని, మెత్తబడ్డ అడుగును నొక్కి చూశాడు. ఒక్క మాట జబ్బార్ సాబ్‌కు చెబితే ఇంకో బూటో, లేకపోతే ఇంకో ఆటగాడో దొరికేవాడు. అదే అతని భయం. ఆ చేట కాలికి పట్టే బూటు ఆ ఊళ్లో అప్పటికప్పుడు ఎక్కడ దొరుకుతుంది? దొరక్కపోతే రిజర్వు ఆటగాడు దిగుతాడు. ఇవాళ నా వల్ల కాదు అన్నవాడి చోటు ఏమవుతుందో బాలనర్సుకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? ఏళ్ల తరబడి అతను తిన్నది అలాంటి చోట్ల కూడే. రోగం వచ్చినవాడి మగ్గం ముందు నిలబడి, వాడు ఇంకొక్క రోజు లేవకుండా ఉంటే బాగుండునని మనసులో అనుకుని, అనుకున్నందుకు సిగ్గుపడ్డవాడు. అందుకే చెప్పలేదు. మైదానం చూసుకునేవాడి దగ్గర సుత్తి అడిగి తెచ్చి లోపలికి లేచిన మేకు మొనలను కిందికి బాదాడు. లోపల గుడ్డముక్క మడిచి పెట్టాడు. నన్ను తొడుక్కుని గట్టిగా తాడు బిగించాడు.

అప్పటి ఆటలో ఇంకో సంగతి ఉంది. ఆట మొదలయ్యాక మనిషిని మార్చడానికి లేదు. కాలు విరిగినా సరే, ఆ చోటు అతనిదే. తన జన్మలో బాలనర్సుకు బద్లీ లేని చోటు అదొక్కటే దొరికింది. ఆ చోటులో అతనికి నిలబడడానికి కూడా వీల్లేకుండా నేను చేశాను.

సగం ఆట కూడా కాకముందే గుడ్డ చిరిగింది. మేకులు దిగాయి. నా లోపల వెచ్చగా తడి తగిలింది. అవతలి జట్టు ఒక గోలు కొట్టింది. విరామంలో జబ్బార్ సాబ్ వంగి చూశాడు.

"ఏం మియా, కాలు ఈడుస్తున్నవ్?"

"నరం పట్టింది సాబ్. పోతది."

పోలేదు. రెండో సగంలో అతను పరుగెత్తడం లేదు, ఒంటికాలి మీద గెంతుతున్నాడు. బంతి వస్తే దాన్ని అందుకునేలోపు ఎవడో ఒకడు తన్నుకుపోతున్నాడు. చూసేవాళ్లు గేలి చేశారు. ఆట ముగింపుకు వచ్చేసింది. మావాళ్లు ఇంకా ఒక గోలు వెనకే ఉన్నారు. బంతి అవతలి చివర ఉంది. అప్పుడు బాలనర్సు గీత పక్కన కూలబడి నా తాడు పళ్లతో కొరికి తెంపి, నన్ను లాగి గడ్డిలోకి విసిరేశాడు. నియమం మరిచిపోయాడు. మరిచిపోయాడనే నేననుకుంటాను. నొప్పి అంతగా ఉన్నప్పుడు మనిషికి గుర్తుండేది తన కాలు ఒక్కటే.

నేను గడ్డిలో పక్కకు పడి చూస్తున్నాను. బంతి పొడుగ్గా వచ్చి అతని ముందు పడింది. అబ్బ, ఏం పరుగు అది! నెత్తురోడుతున్న వట్టి పాదంతో ఇద్దరిని దాటాడు. ఆ ఎడమ కాలితోనే కొట్టాడు. గోల్‌కీపరు కదిలేలోగా వల ఊగింది. ఆట సమమైంది. మావాళ్లంతా అతని మీద పడ్డారు. గీత అవతల జబ్బార్ సాబ్ ఒక్కడే ఎగరలేదు. అతని కళ్లు నా మీద ఉన్నాయి.

అవతలి కెప్టెన్ రెఫరీ చేయి పట్టుకుని బాలనర్సు పాదం చూపించాడు. రెఫరీ చూశాడు. నియమం నియమమే కదా. గోలు చెల్లదన్నాడు. బాలనర్సు వాదించలేదు. తన పాదం వైపు చూసుకున్నాడు, అది ఎవరిదో అన్నట్టు. కాసేపటికి ఈల మోగింది. కప్పు వాళ్లది.

జబ్బార్ సాబ్ నన్ను ఏరుకున్నాడు. లోపలికి చూసి, మేకులు చూసి, జిడ్డుతో ఊడిపోతున్న అడుగును వేలితో నొక్కి చూసి అంతా అర్థం చేసుకున్నాడు. దారిపొడుగునా నన్ను చేతిలోంచి వదల్లేదు. మా స్టేషనులో ఆండాలు వచ్చి నిలబడి ఉంది. భర్త కాలి కట్టు చూసింది.

"బూటు కరిచిందా? నూనె సాలలేదా?" అని అడిగింది.

"బూటు మంచిగనే ఉండె. అవతలోడు తొక్కిండు" అన్నాడు బాలనర్సు.

ఏదో అనబోయిన జబ్బార్ సాబ్ నన్ను వెనక్కి దాచాడు. మనుషుల మీద నాకున్న కోపమంతా అక్కడ కొంచెం తగ్గింది.

మాటంటే మాటే అన్నాడు మేనేజరు. కప్పు రాలేదు కనుక పర్మినెంటు లేదు. కాలు మానేదాకా బాలనర్సు గేటుకు రాలేకపోయాడు. వచ్చేసరికి అతను నిలబడే ముందు వరసలో ఇంకెవరో ఉన్నారు. నా కుడి జోడును మొగులయ్య కోసి, ఆ తోలు పట్టీలుగా వేసి అతనికి చెప్పులు కుట్టి ఇచ్చాడు. అవి వేసుకుని అతను వెనక వరసలో నిలబడ్డాడు.

ఇక నా గౌరవం. మిల్లు జట్టు ఫైనల్ దాకా వెళ్లడం అదే మొదలు, అదే చివర. అందుకని మేనేజరు నన్ను జబ్బార్ సాబ్ దగ్గర తీసుకుని, తుడిపించి, ఆఫీసులో అద్దాల పెట్టెలో పెట్టించాడు. ఫైనల్లో గోలు కొట్టిన బూటు అని కింద రాయించాడు. గోలు కొట్టినప్పుడు నేను గడ్డిలో పడి ఉన్నానని, ఆ గోలు గోలే కాదన్నారని ఎవరికీ గుర్తులేదు. వచ్చిన ప్రతి పెద్దమనిషికీ నన్ను చూపించేవారు. రోజూ తుడిచేవారు. ఒక్కనాడు కూడా నన్ను గేటు బయట నిలబెట్టలేదు.

ఏళ్లు గడిచాయి. ఒకనాడు ఆఫీసు అటెండరు కూతురి పెళ్లని రాలేదు. మేస్త్రీ గేటు దగ్గర వేలు చూపించినవాడు గుడ్డ పట్టుకుని లోపలికి వచ్చాడు. జుట్టు నెరిసింది, ఎడమకాలు కొంచెం ఈడుస్తున్నాడు. అద్దం తుడుస్తూ ఆగిపోయాడు. చుట్టూ చూసి, పెట్టె తెరిచి నన్ను చేతిలోకి తీసుకున్నాడు. లోపల వేళ్లు పెట్టాడు. మేకులు అలాగే ఉన్నాయి.

"నువ్వన్నా పర్మినెంటైనవ్" అన్నాడు.

కోపంగా అనలేదు. అదే నేను భరించలేకపోయాను. నన్ను మళ్లీ ఎప్పటిలా పెట్టి, అద్దం మూసి, తన వేలిముద్రలు లేకుండా తుడిచి వెళ్లాడు. మర్నాడు అసలు అటెండరు వచ్చాడు.