ఆది జాకెట్ల మూట

"ఆ పేలికల గది ఆదివారం లోపల ఖాళీ చేసి పెట్టు. సున్నం కొట్టేదానికి మునెయ్య వస్తాడు," అన్నాడు మా ఆయన చెంగల్రాయుడు, చొక్కా గుండీలు పెట్టుకుంటూ. ఆ గుండీలు కుట్టింది ఆ పేలికల గదిలోనే. ఆ మాట పైకి అనలేదు. పెళ్ళయిన పదమూడేళ్ళలో అనకుండా మింగిన మాటలన్నీ దాచాలంటే ఈ ఇల్లు చాలదు.

"మరి మిషను?" అని మాత్రం అడిగాను.

"వంటింట్లో ఓ పక్కన ఏసుకో. యాడైతే ఏమి, కుట్టేదానికి? వచ్చేవాళ్ళకు పడకకు చోటుండల్ల గదా."

వచ్చేవాళ్ళు. తిరుపతిలో కాపురం ఉన్న పాపానికి కొండకు పోయే ప్రతి చుట్టానికీ మా ఇల్లే మొదటి మెట్టు. పోయేముందు స్నానాలు, దారికి పులిహోర పొట్లాలు, గుండ్లతో దిగి వచ్చాక మళ్ళీ వేడినీళ్ళు, తడిబట్టలు, పసిపిల్లలకు పాలు. వెళ్తూ వెళ్తూ నా చేతిలో లడ్డు పెట్టి, "అదృష్టవంతురాలివి మే, దినామూ సామి కాళ్ళకాడే ఉండావు," అంటారు. నేను కొండెక్కి రెండేళ్ళయింది. వాళ్ళు ఉన్నన్నాళ్ళూ వంట, పోయాక వాళ్ళు కప్పుకున్న దుప్పట్ల ఉతుకు.

గది శుభ్రం చేయడం నాకు ఇష్టం లేక కాదు. నాలుగేళ్ళ గుడ్డముక్కలు అందులో పేరుకుని కాలు పెట్టే సందు లేదు. రెండు మధ్యాహ్నాలు కూర్చుని వేరు చేశాను. అంచులకు పనికొచ్చేవి ఒక సంచిలో, పట్టీలకు పనికొచ్చేవి ఇంకో సంచిలో, దేనికీ పనికిరానివి మసిగుడ్డలకు. ఆది జాకెట్లు మాత్రం సున్నం పడకుండా పాత చీరలో మూటగట్టి వసారాలో పెట్టాను. మా వైపు ఆడవాళ్ళు టేపుతో కొలిపించుకోవడానికి నిలబడరు. ఒంటికి సరిగ్గా పట్టిన పాత జాకెట్టొకటి తెచ్చి ఇచ్చి, దీని మాదిరే కుట్టమంటారు. ఒక్కోదానికి పేరు రాసిన గుడ్డముక్క పిన్నుతో గుచ్చి, ఏళ్ళ తరబడి దాచి ఉంచుతాను. ఎవరికి ఎడమ భుజం దిగి ఉంటుందో, ఎవరు బిడ్డకు పాలిస్తున్నారో, ఎవరు ఏడాదికేడాది చిక్కిపోతున్నారో నాకు తెలుసు. వాళ్ళ మొగుళ్ళకు తెలియదని పందెం కాస్తాను. అలాంటివి ఇరవైమూడు జాకెట్లు.

శనివారం వీధి కుళాయి నుంచి నీళ్ళబిందెతో వచ్చేసరికి మూట లేదు. మా అత్త అలివేలమ్మ అరుగు మీద కూర్చుని కొత్త స్టీలు బేసిను పైటకొంగుతో తుడుస్తోంది.

"పాతగుడ్డలకు సామాన్లిచ్చేవాడు వచ్చినాడు. నువ్వు మూటగట్టి పెట్టింటివి గదా, ఏసేసినాను. సూడు, ఎంత మందమో."

"అవి మనవి కాదత్తా. ఊళ్ళో వాళ్ళ ఆది జాకెట్లు."

"అన్నీ చీకిపోయినవే గదా మే. పిన్నులు పారెయ్యలేదులే, తీసి డబ్బాలో ఏసినాను."

బిందె దించి మూడు వీధులు తిరిగాను. వాడు ఏ బస్సు ఎక్కాడో ఎవరికీ తెలియదు. సాయంత్రం చెప్తే మా ఆయన నవ్వాడు. "పాత రవికలకు అంత బేసిను ఇచ్చినాడంటే వాడే మోసపోయినాడు." నేను నవ్వలేదని ఆ మాటే మళ్ళీ చెప్పాడు. అప్పుడు ఏడుపొచ్చింది, వంటింట్లోకి పోయాను.

సోమవారం పొద్దున వంట ముగించి తిరుచానూరు బస్సెక్కాను. అమ్మవారి గుడి ముందు పూలమ్మే మునిరత్నమ్మకు అందరికంటే ముందు చెప్పాలి. ఆమె ఇచ్చిన జాకెట్టు వాళ్ళమ్మ చేత్తో కుట్టింది. ఆ అమ్మ పోయి ఆరేళ్ళు. జరిగింది చెప్పాను. మాల కట్టే వేళ్ళు ఆగిపోయాయి. తిట్టినా బాగుండేది.

"నీ గదిలో పెడతావనే గదా ఇచ్చినాను. ఆడినుంచి ఎట్ల పోయింది?"

"గదికి సున్నం కొట్టించేదానికి బయట పెట్టినానక్కా."

"నీ కోసరమా, సున్నం?"

"కాదు. చుట్టాల కోసరం."

ఆమె పూలబుట్ట మీద తడిగుడ్డ కప్పి తడికె చాటుకు నడిచింది. "రా, టేపుతో కొలుచుకో. నువ్వు గాబట్టి నిలబడతా ఉండా." చేతులెత్తి, సిగ్గుతో మొహం పక్కకు తిప్పుకుంది. కొలతలు బస్సు టికెట్టు వెనక రాసుకున్నాను. ఇంకా ఇరవైరెండు ఇళ్ళు తిరగాలి. నా పనిని పని అనుకోని ఇంటి తరఫున ఇరవైరెండుసార్లు తల దించుకోవాలి. తిరుగు బస్సులో సీటు దొరికినా కూర్చున్నట్టే అనిపించలేదు, అంత అలసట. మిషను తొక్కినందుకు ఏ రోజూ అంత అలిసిపోలేదు.

ఇంటికి వచ్చేసరికి గది తెల్లగా ఆరి ఉంది. మిషను వంటింట్లో గోడకు ఆనించి ఉంది, దాని మీద అప్పుడే ఉల్లిగడ్డల తట్ట చేరింది. ఆ పక్కన ఒక కార్డు. మదనపల్లె నుంచి మా ఆయన చిన్నాయన రాశాడు. మనవడికి పుట్టువెంట్రుకలు తీయించాలని వచ్చే శుక్రవారం పన్నెండు మంది దిగుతారట. దాని కింద మా ఆయన ఖాళీ కార్డొకటి పెట్టి పోయాడు. వేరే చెప్పనక్కర్లేదు. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని ఇలాంటి జవాబులన్నీ నేనే రాస్తాను, తప్పక రమ్మని. కింద పేరు మాత్రం ఆయనది.

ఉల్లిగడ్డలు దించాను. మిషనును ఒక్కో కాలూ జరుపుకుంటూ తెల్లటి గదిలో కిటికీ కిందికి తెచ్చాను.

"ఏం సప్పుడు మే?" అంది మా అత్త అరుగు మీదినుంచి.

"మిషను, అత్తా. దాని గదిలోకి పోతా ఉండాది."

దాని బల్ల మీదే కార్డు పెట్టుకుని రాశాను. కొట్టివేతలు లేవు, తొందరా లేదు. వీధి చివర పోస్టు డబ్బాలో వేసేముందు ఒక్కసారి చదువుకున్నాను.

"చిన్నమామగారికి నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం. కొండ మీద సత్రాలలో చోటు దొరుకుతుంది, అక్కడే దిగండి. మా ఇంట్లో ఖాళీ గది లేదు. ఉన్న గదిలో నేను పని చేస్తున్నాను. ఇట్లు, పంకజాక్షి."