కుడి తలుపు విమానం

బావ పుస్తకం వేస్తున్నాడన్న మాట టైలరమ్మ చెవిన పడి పన్నెండేళ్లయింది. ఈలోగా అక్క పిల్లలు చదువులు ముగించి ఉద్యోగాల్లో కుదురుకున్నారు గాని, పుస్తకం మాత్రం "ఇదిగో అయిపోవచ్చింది" దగ్గరే కూర్చుంది. అందుకే ఆ శుక్రవారం పొద్దున్న ఆయన దుకాణం ముందు స్కూటరు ఆపి, చంకలో ఓ అట్టపెట్టె పెట్టుకుని, పెళ్లికొడుకులా లోపలికి నడిచి వస్తుంటే ఆమె మిషను ఆపకుండానే పలకరించింది.

"ఏం బావా, ఇంకో రెండేళ్లు పడుతుందా?"

"సోమవారం అచ్చుకెళ్తోంది," అన్నాడు బావ.

మిషను ఆగింది.

ఆ పుస్తకం దేని గురించో చెబితే తెలియనివాళ్లు నవ్వుతారు. జపాన్ దేశంలో ఆ దేశం ఊళ్ల మధ్యే తిరిగిన పాత విమాన కంపెనీలు అరవైల్లోనూ డెబ్భైల్లోనూ ప్రయాణికుల కోసం సీటు ముందు సంచిలో పోస్టుకార్డులు పెట్టేవి. ఉచితం. ఓ పక్క విమానం బొమ్మ, రెండో పక్క రాసుకోవడానికి ఖాళీ. ఆ కార్డుల చరిత్రే బావ పుస్తకం. దాన్ని చదివేవాళ్లు ప్రపంచం మొత్తం గాలించినా ఓ మూడు వందల మంది ఉంటారేమో. ఆ మూడు వందల మందీ ఒకరినొకరు ఎరుగుదురు. ఒకరి తప్పు కోసం ఇంకొకరు భూతద్దం పట్టుకుని కాచుకుని ఉంటారు కూడా.

బావ ముప్పై ఏళ్లు విమానాల మెకానిక్‌గా చేశాడు. ఆయన మిత్రబృందం కూడా అలాంటివాళ్లే. కార్డు చేతికి రాగానే కిటికీలు లెక్కపెడతారు, చక్రాలు చూస్తారు, తోక మీద చార కొలుస్తారు. వాళ్లకి టైలరమ్మ "కిటికీల సంఘం" అని పేరు పెట్టింది. ఆమె దగ్గరా మూడొందల నలభై కార్డులున్నాయి, అన్నీ ఆ కంపెనీలవే. కాకపోతే ఆమె విమానం వైపు చూడదు. మెట్ల మీద నిలబడ్డ అమ్మాయిల కోట్లు, టోపీలు, చేతితొడుగులు చూస్తుంది. ఎప్పుడో ఓ హోటలు వాళ్లు యూనిఫాం కుట్టమన్నప్పుడు నమూనాకి పనికొస్తుందని మొదటి కార్డు చేతిలో పెట్టింది బావే. అక్కడ మొదలైన పిచ్చి ఇక వదల్లేదు. సంఘం వాళ్లు ఆమెను లెక్కలోకి తీసుకోలేదు. "విమానం చూడమంటే బొత్తాలు చూస్తుంది" అని నవ్వి బావే ఆమెకు బొత్తాలమ్మ అని బిరుదిచ్చాడు.

"ఇది చూడు ముందు," అంటూ బావ పెట్టెలోంచి పుస్తకం అట్ట నమూనా తీసి, కత్తిరింపు బల్ల మీద గుడ్డలు పక్కకి నెట్టి పరిచాడు. "రెండేళ్లుగా దాచాను. మీ అక్కకి కూడా చూపించలేదు."

అట్ట నిండా ఒకే కార్డు. కుడి వైపు ముక్కు పెట్టి నిలబడ్డ ప్రొపెల్లరు పంకాల విమానం ముందు భాగం, తెరిచిన తలుపు, మెట్లు, మెట్ల మీద నీలం కోటు వేసుకున్న అమ్మాయి. విమానం మీద పేరు గాని అంకెలు గాని బొమ్మలో పడలేదు. కింద తెల్లటి అంచు మీద కంపెనీ పేరు జపాను అక్షరాల్లో ఉంది. తర్వాత ఏదో పెద్ద కంపెనీలో కలిసిపోయి ఊరూ పేరూ లేకుండా పోయిన చిన్న కంపెనీ అది.

"తలుపు ఏ పక్కనుందో చూశావా?" అన్నాడు బావ. గొంతు తగ్గించాడు, దుకాణంలో వాళ్లిద్దరే ఉన్నా. "కుడి పక్క. ఏ విమానానికైనా జనం ఎక్కే తలుపు ఎడమ పక్కే ఉంటుంది. కుడి తలుపు విమానం ఒకటుందని ఇంతవరకూ ఎవడికీ తెలీదు. ఏదో దీవిలో ఇరుకు స్థలం కోసం ప్రత్యేకంగా చేయించి ఉంటారు. పదకొండు పేజీలు రాశాను."

టైలరమ్మ కళ్లజోడు సర్దుకుంది. తలుపు కాదు, అలవాటు కొద్దీ కోటు చూసింది. అయిదు బొత్తాలు. ఛాతీ మీద ఒకే జేబు. ఆ కోటు ఆమెకి తన చేతి గీతలంత బాగా తెలుసు. ఆ కంపెనీవే ఏడు కార్డులు ఆమె దగ్గరున్నాయి. ఒక్క నిమిషంలో విషయం మొత్తం అర్థమైపోయింది.

"బావా, ఇది తిరగబడిన బొమ్మ."

"అంటే?"

"అచ్చువేసినవాళ్లు ఫిలిం తిరగేసి పెట్టారు. కుడి ఎడమైంది. ఆడవాళ్ల కోటుకి బొత్తాలు ఎడమ వైపుంటాయి, అవి దూర్చే కాజాలు కుడి వైపు. ఇక్కడ మగవాళ్ల కోటులా ఉంది. జేబు కూడా కుడికొచ్చేసింది. కింద పేరు విడిగా అచ్చేస్తారు గనక అది సరిగ్గానే ఉంది. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు."

ఆమె డ్రాయరు తీసి ఆ ఏడు కార్డులూ వరసగా పేర్చింది. ఏడింటిలోనూ జేబు ఎడమ వైపే. బావ చూశాడు. చూసి, సేకరించేవాళ్లకే చేతనైన పని ఒకటి చేశాడు.

"ఇంకేం, ఆ విమానానికి ప్రత్యేకంగా కోటు కూడా కుట్టించారన్నమాట," అన్నాడు. "ఇది కూడా పుస్తకంలో చేర్చాలి."

"బావా."

"ముప్పై ఏళ్లు విమానాల కింద పడుకుని పనిచేశానమ్మా. బొత్తాలు చూసి విమానం సంగతి చెప్పేరోజులు ఇంకా రాలేదు." అట్ట చుట్టి పెట్టెలో పెట్టుకున్నాడు. మొహం మాడ్చుకుని స్కూటరెక్కాడు. ఆవిష్కరణ సభకి కుట్టమన్న తన కోటు సంగతి కూడా అడగలేదు.

శనివారం మధ్యాహ్నం బావ ప్రెస్సుకి వెళ్లే వేళ చూసుకుని టైలరమ్మ అక్క దగ్గరికి వెళ్లింది. అక్క ఆరిన బట్టలు మడతపెడుతూ అంతా విని, దిండు గలీబు ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయింది.

"ఇంకెవరన్నా చెబితే నవ్వి ఊరుకునేదాన్ని," అంది అక్క. "నువ్వు చెప్పావు గనక భయమేస్తోంది. పోనీ అచ్చయ్యాక చెప్పకూడదటే? ఒక్క నెలన్నా సంతోషంగా ఉండనీ. నిద్దట్లో కూడా ఆ కుడి తలుపే కలవరిస్తున్నారు."

"అచ్చయ్యాక చెప్పేది నేను కాదక్కా, ఆ మూడొందల మంది చెబుతారు. నేనైతే తలుపేసి చెబుతాను, వాళ్లు మైకు పెట్టి చెబుతారు. పన్నెండేళ్ల పుస్తకంలో మిగతా పేజీలన్నీ బంగారంలాంటివి. ఈ పదకొండు పేజీలతో అన్నీ నవ్వులపాలవుతాయి."

"ఆయన వినకపోతే?"

"వింటాడు," అంది టైలరమ్మ. ఆ మాట అంటున్నప్పుడు ఆమెకి తనకే తెలియని మొండి ధైర్యం వచ్చింది. ఒకప్పుడు తను దుకాణం పెడతానంటే ఇంట్లో అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. మొదటి మిషను భుజాన మోసుకొచ్చి ఆ గదిలో దింపినవాడు బావ ఒక్కడే. అలాంటి మనిషిని ఊరు నవ్వుతుంటే చూస్తూ కూర్చోవడం ఆమెవల్ల కాదు. "రేపు సాయంత్రం అయిదింటికి ఆయన్ని కోటు ట్రయలుకి పంపించు. రానంటే, చేతులు పొట్టయితే నా పూచీ లేదందని చెప్పు. ఆయన కంటే ఓ గంట ముందు నువ్వు రా."

ఆదివారం పొద్దున్నే దుకాణం తెరిచింది. నర్సుల యూనిఫాంలకి తెచ్చిన నీలం గుడ్డ తాను చివర మిగిలిన ముక్క తీసింది. ఏడు కార్డులు ఎదురుగా పెట్టుకుని, అక్క కొలతలకి ముందు కాగితం మీద గీసింది, తర్వాత గుడ్డ కోసింది. అయిదు బొత్తాలు, ఎడమ ఛాతీ మీద ఒకే జేబు. మధ్యాహ్నం దాటేసరికి కోటు హ్యాంగరుకి వేలాడుతోంది. తన పనిని తనే మెచ్చుకోవడం ఆమెకి అలవాటే. ఆ పూట ఇంకొంచెం ఎక్కువ మెచ్చుకుంది.

బావ అయిదింటికి వచ్చాడు, కానీ కొండెక్కి కూర్చున్న మొహంతో వచ్చాడు. కోటు తొడుక్కుని నిలువుటద్దం ముందు నిలబడ్డాడు. టైలరమ్మ వెనకాల నిలబడి భుజాలు సర్దింది.

"మీ కోటుకి బొత్తాలు ఏ పక్కనున్నాయి బావా?"

"కుడి పక్క."

"అద్దంలో ఉన్న ఆయనకి?"

బావ చూశాడు. "ఎడమ," అన్నాడు. ఆమె ఎక్కడికి లాక్కెళ్తోందో తెలిసిపోయి, "మళ్లీ మొదలెట్టావా," అన్నాడు.

"అక్కా, రా," అంది టైలరమ్మ.

ట్రయల్ గది తెర పక్కకి జరిగింది. నీలం కోటు తొడుక్కుని అక్క బయటికొచ్చింది. అరవై దాటిన మనిషి, సిగ్గుతో మెడ వంచుకుని, అద్దం ముందుకొచ్చి బావ పక్కన నిలబడింది. బావ ఆమె వంక చూశాడు. జేబు ఎడమ వైపు. అద్దంలోకి చూశాడు. జేబు కుడి వైపు, బొత్తాలు కుడి వైపు. తన పుస్తకం అట్ట మీద మెట్లెక్కి నిలబడ్డ అమ్మాయే అద్దంలోంచి ఆయన్ని చూస్తోంది.

 టైలరమ్మ మెల్లగా అంది.

"పని నేర్చుకునే రోజుల్లో నేనోసారి కాగితం తిరగేసి పెట్టి ఇరవై కోట్లకి ముందు ముక్కలు కోసేశాను. కుట్టేదాకా తెలీలేదు. మా మేస్త్రీ తిట్టలేదు. తొడుక్కుని అద్దంలో చూసుకో, అందులో సరిగ్గా కనిపిస్తావు అన్నాడు. జపాన్‌లో కూడా ఎవడో నాలాంటివాడు ఫిలిం తిరగేసి పెట్టాడు బావా. అంతే."

బావ లోపలి చొక్కా జేబులో చెయ్యి పెట్టాడు. ప్లాస్టిక్ కవరులో అసలు కార్డు ఎప్పుడూ ఆయన దగ్గరే ఉంటుంది. దాన్ని తీసి, బొమ్మ అద్దం వైపు తిప్పి పట్టుకుని, అందులోకి తొంగి చూశాడు. అద్దంలో విమానం ఎడమకి తిరిగింది. తలుపు ఎడమ పక్కకొచ్చింది. ఆయన ఇంకా దగ్గరికి వంగాడు. ఊపిరికి అద్దం మీద ఆవిరి పట్టింది.

"పంకా," అన్నాడు చివరికి. "రెక్కల వంపు చూడు. కార్డులో ఎదురు వంపుంది. అద్దంలో సరిగ్గా ఉంది. ముప్పై ఏళ్లు ఈ రెక్కలు నా చేత్తో తుడిచాను. రెండేళ్లు ఈ కార్డు చూశాను. తలుపు మోజులో పడి రెక్క చూడలేదు."

ఆయన తల దించుకున్నాడు. అక్క ఆయన భుజం మీద చెయ్యి వేసింది. టైలరమ్మకి ఆ క్షణాన తను గెలిచానన్న సంగతి కూడా గుర్తులేదు. బావ తలెత్తాలని మాత్రం గట్టిగా అనుకుంది.

బావ తలెత్తాడు. ఫోను తీసి ప్రెస్సువాడికి కలిపాడు. "రేపు మొదలెట్టకండి. పదకొండు పేజీలు మారుతున్నాయి," అన్నాడు. అవతల వాడేదో గొణిగాడు. "పన్నెండేళ్లు ఆగాను, ఇంకో వారం ఆగలేనా? అట్ట మాత్రం మార్చొద్దు, అదే ఉండనివ్వండి. ఆ బొమ్మ తిరగబడిన కథే ఇప్పుడు లోపలుంటుంది," అని పెట్టేశాడు.

తర్వాత ఖాతాదారులు కూర్చునే స్టూలు లాక్కుని కత్తిరింపు బల్ల దగ్గర కూర్చున్నాడు. ఆమె కొలతల పుస్తకంలో చివరి ఖాళీ పేజీ తెరిచాడు. బల్ల మీద దొరికిన పెన్సిలు అందుకున్నాడు. సంఘంలో ఎవరు ఏది చెప్పినా సగంలోనే అందుకునే మనిషి, ఒళ్లు దగ్గర పెట్టుకుని కూర్చున్న పిల్లాడిలా ఆమె వంక చూశాడు.

"మొదట్నుంచి చెప్పు. నిదానంగా చెప్పు, రాసుకుంటాను. ఈ అధ్యాయం నీది. పైన నీ పేరే వేయిస్తాను."

"పేరెందుకు," అంది టైలరమ్మ, మెడలోని టేపు తీసి బల్ల మీద పెడుతూ. "బొత్తాలమ్మ అని వేయించండి. మీ కిటికీల సంఘం గుర్తుపట్టాలిగా."

బావ నవ్వలేదు. కాగితం మీద వంగి, పెద్ద అక్షరాలతో, బొత్తాలమ్మ అని రాసుకున్నాడు. కింద గీత గీసి, "ఊఁ, కాజాలు ఏ పక్కన?" అన్నాడు.