ఆఖరి నీళ్ళు పోసిన చేతులు

హాసిని చేతులంటే రామతులసికి పడదు. నున్నటి తెల్లటి వేళ్ళు, గోళ్ళకి రంగు, తడి అంటని అరచేతులు. ఇవాళ అత్తగారు కాసులమ్మ సంవత్సరీకం. తోటికోడలు ఆ చేతుల్ని ఒళ్ళో పెట్టుకుని హాల్లో సోఫా మీద కూర్చుంటే, తను విస్తళ్ళు ఎత్తి నేల తుడుస్తోంది. భోజనాలయ్యాయని, బంధువులంతా చూస్తారని, దివ్య తీసిన సినిమా టీవీలో పెట్టారు.

దివ్య విశాఖపట్నం అమ్మాయి. చావు మీద, మనిషి ఒంటి మీద డాక్యుమెంటరీ తీస్తానని నిరుడు కెమెరా పట్టుకుని వచ్చింది. అందులో కథ ఉండదు, మాటలుండవు. మంచాన పడ్డ అత్తగారి ముడతలు, పాదాల పగుళ్ళు, ఊపిరి తీసినప్పుడల్లా లోతయ్యే మెడ గుంట, ఒక్కొక్కటే తెర నిండా కనిపిస్తాయి. "తియ్యమ్మా తియ్యి. మా ముసలాయన కూడా నన్నింత నిదానంగా సూడలేదు" అని అత్తగారు బోసినోటితో నవ్వింది. ఆ వేళే రామతులసికి గుండెలో చురుక్కుమంది. తన ఒళ్ళు ఎవరు చూశారు? ఇన్నేళ్ళ కాపురంలో మొగుడు వెంకటరమణమూర్తి చూసింది పెట్టిన కంచాన్ని, ఉతికిన చొక్కాని. చావబోయే ఒంటికున్న భాగ్యం తన ఒంటికి లేదని ముసలిదాని మీద కుళ్ళుకుంది. కుళ్ళుకుంటూనే ఆ వీపు తిప్పింది, పౌడరు వేసింది, పక్కగుడ్డలు మార్చింది. మంచాన ఉన్న నాలుగేళ్ళూ ఒక్క పుండు పడనివ్వలేదు.

పోయే ముందు అత్తగారు అందరి ఎదుటా ఒక మాట అంది. "నా ఆకరి నీళ్ళు ఏ కోడలు పోత్తాదో, మునగపాక బూమి దానిది." పసుపు కుంకుమ కింద పుట్టింటివాళ్ళు ఆమెకిచ్చిన భూమి అది. ఆ కోడలు తనే అని రామతులసి అనుకుంది, ఇంటిల్లిపాదీ అనుకున్నారు. తీరా ఆ రోజు శవాన్ని పెరట్లో బల్ల మీద పడుకోబెట్టి, నీళ్ళు కాచి, పసుపు కలిపి చెంబు అందుకోబోతే వెంకటరమణమూర్తి చెయ్యి అడ్డం పెట్టాడు.

"నీ చేతులు చూసుకున్నావేటే? అంట్లు తోమీ తోమీ బొగ్గులైపోయేయి. పదిమందీ చూసే సినిమా. రేపు బెల్లం మార్కెట్లో తోటి యాపారుల ముందు నా పరువేటవ్వాలి? హాసినీ, నువ్వు రామ్మా. తులసీ, నువ్వెళ్ళి ఆ కెమెరా ఆళ్ళకి ఉప్మా చెయ్యి, పో."

కెమెరా ముందు భూమి సంగతి ఆయనకి గుర్తే లేదు. పండక్కి తప్ప గడప తొక్కని తమ్ముడి పెళ్ళాం చెంబు ఎత్తింది.

ఇప్పుడు టీవీ నిండా ఆ చేతులే. ముసలి పాదాల మీంచి పసుపు నీళ్ళు జారుతున్నాయి. తెల్లటి వేళ్ళు మెల్లగా ఆ పాదాల వేళ్ళ సందులు కడుగుతున్నాయి. బంధువులు కళ్ళొత్తుకున్నారు.

"ఎంత బత్తిగా చేసిందో పిల్ల!"

"మనసు చేతుల్లోనే తెలత్తోంది కదే."

"ఊరుకోండి పిన్నీ" అని హాసిని సిగ్గుపడింది.

రామతులసి తడిగుడ్డని మెలి తిప్పి పిండింది. ఆ పాదంలో ఏ వేలు వంకరో, ఎక్కడ ముట్టుకుంటే ముసలిది మూలిగేదో తనకి తెలుసు. హాసినికేం తెలుసు? అయినా కన్నీళ్ళన్నీ హాసినికే.

టీవీ ఆగింది. అత్తగారి అన్నగారు సూర్యనారాయణ గొంతు సవరించుకున్నాడు. "చెల్లి మాట అందరూ విన్నారు. నీళ్ళు పోసిన చేతులు ఇప్పుడు చూసేరు. ఇంక తగువేటి? భూమి హాసినికి రాసేద్దాం. ఏటంటావు అల్లుడూ?"

వెంకటరమణమూర్తి గబుక్కున లేచాడు. పెళ్ళాన్ని జబ్బ పట్టుకుని వంటింట్లోకి లాక్కొచ్చాడు.

"తులసీ, ముందు చెంబు నేనే పోసేనని చెప్పు. కెమెరా పెట్టకముందే పోసేనను. నాలుగేళ్ళు మా అమ్మ పియ్యీ ఉచ్చా ఎత్తేవు, నీకు హక్కు లేదేటి?"

ఆ నాలుగేళ్ళ మాట ఆయన నోట రావడం ఇదే మొదలు. రామతులసి ఆయన మొహంలోకి చూసింది.

"భూమొత్తే ఎవరి పేరన రాత్తారండీ?"

"అదేం ప్రెశ్నే? ఇంటి పెద్దని నేనుండగా నా పేరనే రాత్తారు. ముందు పద."

చేతులు తుడుచుకుని హాల్లోకి వచ్చింది. హాసిని ఒళ్ళోకి ఒకసారి చూసింది. కుళ్ళు కుళ్ళుగానే ఉంది, ఇసుమంతైనా తగ్గలేదు.

"ముందు చెంబూ, ఆఖరి చెంబూ హాసినే పోసింది, మావయ్యగారూ. నన్ను పొయ్యొద్దన్నది ఈయనే. నా చేతులు బాలేవంట."

ఎవరో కిసుక్కుమన్నారు. వెంకటరమణమూర్తి గోడకి జారగిలబడిపోయాడు. మునగపాక కాలవ కింద ఏటా చెరకు పండే నలభై రెండు సెంట్లు ఆయనకి పోయాయి.