పెద్ద అంకె ఉన్న కార్డు

రమణబాబు కంప్యూటరు డబ్బా అరుగు మీదకు తెచ్చి, బ్లోయరు పెట్టి దుమ్ము కొడుతున్నాడు. బొద్దింక రెక్కలూ, కొబ్బరి పీచూ, ఎవరిదో జడపిన్నూ రాలాయి. అమలాపురంలో ఆ కంప్యూటర్ల షాపు తెరిచిన నాటి నుంచీ ఇదే అతని పని. అంతకు ముందు రేడియోలు బాగుచేసేవాడు. రేడియోలు పోయాయి, అతను మిగిలాడు. బక్కపలచని మనిషి, టంకం కాలి వేళ్ళ కొసలు నల్లగా గట్టిపడ్డాయి. ఎవరేమన్నా ఔనన్నట్టు "ఆయ్" అనడం తప్ప మారుమాట ఎరగడు. పెళ్ళిచూపుల్లోనూ ఆ ఒక్క ముక్కే అన్నాడని భార్య ఇప్పటికీ దెప్పుతుంది.

ఆ "ఆయ్" వల్లే వచ్చింది తంటా అంతా.

కిందటి నెలలో కాట్రేనికోన నుంచి ముత్యాలరాజు అనే ఆయన షాపుకు వచ్చాడు. మస్కట్‌లో నీళ్ళ ట్యాంకరు డ్రైవరు. సెలవు మీద వచ్చి, కార్ల పందెం ఆట ఆడుకోవడానికి తన తాహతుకు తగ్గ కంప్యూటరు కట్టించుకుందామనుకున్నాడు.

"మా అమ్మాయి ప్రసన్నతో కలిసి ఆడాలండి. ఎప్పుడొచ్చినా నన్ను చుట్టాన్ని చూసినట్టు చూస్తాదండి ఆ పిల్ల. ఈ ఆటొకటుంటే, అక్కడికెళ్ళేక ఫోన్లో మాట్టాడ్డానికి ఓ కబురుంటాది కదండీ," అన్నాడు.

ఓనరు సుబ్రహ్మణ్యేశ్వరరావు రెండు గ్రాఫిక్స్ కార్డులు బల్ల మీద పెట్టాడు. ధర ఒకటే. ఒక డబ్బా మీద 128 అనీ, రెండోదాని మీద 64 అనీ ఉంది. పెద్ద అంకె ఉన్నదానికి మెమరీ ఎక్కువే కానీ, బొమ్మను గబగబా గీసే సత్తువ లేదు. అందుకే ఎన్నాళ్ళుగానో కదలక పడి ఉంది. ఆటకు కావలసింది చిన్న అంకె ఉన్నదే. ఆ సంగతి ఓనరుకు తెలుసు, రమణబాబుకూ తెలుసు.

"పెద్దదే మంచిదాండి?" ముత్యాలరాజు ఓనరును కాదు, రమణబాబును అడిగాడు.

ఓనరు గొంతు సవరించుకున్నాడు.

"ఆయ్," అన్నాడు రమణబాబు.

ఇవాళ మళ్ళీ ఆ మనిషే అరుగెక్కాడు. నలుగురిలో కడిగేస్తాడనుకున్నాడు రమణబాబు. కడిగేసినా బాగుండేది! ఆయన చేతిలో అరిటాకులో చుట్టిన పనసపొట్టు పొట్లం ఉంది.

"మా దొడ్లో కాయేనండి. మీరు దగ్గరుండి కట్టిచ్చేరు కదా. సాయంత్రం నా ప్రయాణమండి."

"ఆట బానే ఆడుతున్నారాండి?" అడక్కుండా ఉండలేకపోయాడు రమణబాబు.

"మా అమ్మాయి ఆడేస్తందండి. నాకే కుదర్డం లేదు. మలుపులో నేను నొక్కుతానా, బండి ఓ క్షణం ఆగి తిరుగుతాది. ఈలోగా గుద్దేస్తాను. డ్రైవరువై ఉండి ఇదేంటి నాన్నా అని నవ్వి నవ్వి, ఆఖరికి నాతో ఆడ్డం మానేసింది." ఆయన తన అరచేతులు చూసుకున్నాడు. "చేతులు మొద్దుబారిపోయేయేమోనండి. అక్కడ బండి తోలగలనో లేదో అని బెంగగా ఉంది."

పిల్ల గనక ఆ ఆగుడికి అలవాటు పడిపోయింది. నిజం రోడ్డు మీద నిజం బండి తోలేవాడు ఎలా పడతాడు? తప్పు కార్డుదండీ అన్న మాట రమణబాబు నాలిక చివరిదాకా వచ్చింది. ఓనరు కళ్ళజోడు పైనుంచి చూస్తున్నాడు.

"ఆయ్. జాగర్తగా వెళ్ళి రండి," అన్నాడు.

ఛీ, ఇదీ ఒక నోరేనా! మధ్యాహ్నం క్యారేజీ విప్పి మళ్ళీ మూసేశాడు. పొట్లం తాకడానికి చెయ్యి రాలేదు. చివరికి లేచి, అల్మారాలోంచి 64 డబ్బా తీసి సంచిలో వేసుకున్నాడు.

"ఎక్కడికయ్యా?" అన్నాడు ఓనరు.

"కాట్రేనికోనకండి. ఇది నా జీతంలో పట్టుకోండి," అని వెనక్కి చూడకుండా మెట్లు దిగాడు.

సెల్‌ఫోన్లు ఇంకా షావుకార్ల జేబుల్లోనే ఉన్న రోజులవి. ఆగండని కబురు పెట్టే దారి లేదు. బస్సేమో ముమ్మిడివరంలో జనం కోసం నిలబడిపోయింది. రమణబాబు కూర్చోలేక లేచి నిలబడ్డాడు, అలా నిలబడితే బస్సు కదులుతుందన్నట్టు. చివరికి ఇల్లు వెతుక్కుని వెళ్ళేసరికి, ముత్యాలరాజు భార్య విజయకుమారి కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ వాకిట్లో ఉంది.

"ఇప్పుడే కారెక్కేరండి," అంది. "చేతులు మాట వినట్లేదంట. ఇంక బండి తోలను, లోడింగు పనివ్వండని ఇవాళ అమలాపురంలో ఎస్టీడీ బూత్ నుంచి కంపెనీకి ఫోను చేసేసేరు. జీతం తక్కువైనా పర్లేదంట."

రమణబాబు, కంప్యూటరు ఓసారి చూడాలండి అని లోపలికి వెళ్ళి, పాత కార్డు పీకి కొత్తది బిగించాడు. ప్రసన్న ఆట పెట్టింది. కారు మలుపులో నొక్కిందే తడవు తిరిగింది.

"ఆగట్లేదేంటండీ బాబాయిగారూ?"

"మీ నాన్నగారి తప్పేం లేదమ్మా. పనికిరాని కార్డు నేనే పెట్టేను. తెలిసే పెట్టేను."

ఆ పిల్ల చేతులు తీసేసింది. తెర మీద కారు ఎదుటి గోడను గుద్దుకుని ఆగింది.

"మరి నేను నవ్వేనండి," అంది. "నాన్నకి చెప్పేరా?"

రమణబాబు తల వంచుకున్నాడు. కీబోర్డు మీద బాణం గుర్తుల మీటలకు, దెబ్బలకు వేసే ప్లాస్టరు చిన్నచిన్న ముక్కలుగా కత్తిరించి అంటించి ఉంది. వాటి మీద నీలం సిరాతో, బండి తోలే చేతి వంకర అక్షరాలతో, కుడి, ఎడమ, బ్రేకు అని రాసి ఉంది.