మాటకు ముందు వచ్చేది

ఆ వీధిలో దర్జీని అందరూ రేపుగారు అనేవారు. చాటుగా కాదు, మొహం మీదే. అతనూ నవ్వేసి ఊరుకునేవాడు. కుట్టుకి వంక పెట్టడానికి లేదు. కాలరు వేస్తే మెడకి అతికినట్టు కూర్చునేది. వచ్చిన చిక్కల్లా నోటితోనే. గుమ్మంలో ఎవరు నిలబడి "ఎప్పుడిస్తారండీ?" అన్నా "రేపు" అనేవాడు. బట్ట మడత విప్పకపోయినా అదే మాట. కత్తెర సాన పట్టడానికి ఇచ్చేసి ఖాళీ చేతులతో కూర్చున్న రోజు కూడా అదే మాట.

మోసం చేద్దామని కాదు. ఆ మాట అనేటప్పుడు అతను నిజంగానే నమ్మేవాడు. మనిషి గుమ్మం దాటాక ఆ నమ్మకమూ దాటిపోయేది.

భార్య పోస్టాఫీసులో పనిచేసేది. గడియారం చూసి బతికే మనిషి. మొగుడి అలవాటు మాన్పించాలని ఆవిడ చెయ్యని ప్రయత్నం లేదు. ఒకసారి మిషను ఎదురుగా గోడకి అట్ట అంటించింది, పెద్ద పెద్ద అక్షరాలతో, "రేపు అనకు" అని. మొదట వచ్చిన మనిషితో అతను అట్ట వైపు ఒకసారి చూసుకుని "ఎల్లుండి" అన్నాడు. ఇంకోసారి తనే పౌరుషానికి పోయి, గొంతు బాగాలేదని అసలు మాట్లాడటమే మానేశాడు. అడిగినవాళ్ళకి తల ఊపాడు. ఊపిన తలకి ఎవరికి తోచిన అర్థం వాళ్ళు చెప్పుకుని, మర్నాడు అందరూ కట్టగట్టుకుని వచ్చారు.

అన్నిటికీ నవ్విన మనిషి బొమ్మల టీచరు విషయంలో నవ్వలేకపోయాడు. ఆవిడ బళ్ళో పిల్లలకి బొమ్మలు వెయ్యడం నేర్పేది. రిటైరవుతూ, వీడ్కోలు సభకి వేసుకుందామని ముచ్చటపడి నీలం గుడ్డ తెచ్చి కోటు కుట్టమంది. అడిగినప్పుడల్లా రేపన్నాడు. సభ రోజు పొద్దున్న ఆవిడ వచ్చేసరికి కోటు కొట్లో నిలబెట్టిన బొమ్మకి తొడిగి ఉంది, చేతులు లేకుండా. లైనింగు కూడా వెయ్యలేదు.

ఆవిడ కాసేపు దాన్నే చూసింది. "అలాగా" అని వెళ్ళిపోయింది. పాత బట్టలతోనే సభకి వెళ్ళింది. తరవాత వచ్చి, ఆ కోటు ఎలా ఉందో అలాగే ఇచ్చెయ్యమంది.

"చేతులెంతసేపమ్మా, అతికించి రేపు..." అన్నాడు. మధ్యలో తన మాట తనకే వినపడింది.

"ఇప్పుడు దాంతో పనేముందండీ" అని ఆవిడ మడిచి సంచిలో పెట్టుకుంది.

తిట్టిపోసి ఉంటే బాగుండేదనుకున్నాడు. తిట్లు అతనికి అలవాటే. ఆ రోజు మిషను తొక్కబుద్ధి కాలేదు. పక్క కొట్లో కళ్ళజోళ్ళమ్మే స్నేహితుడు సంగతి గ్రహించి వచ్చి కూర్చున్నాడు.

"ఈసారి ఒట్టేసుకుంటాను" అన్నాడు దర్జీ.

"ఒట్లతో అయ్యేదైతే నా సిగరెట్లు ఎప్పుడో పోయేవి. అవి మానితే మిఠాయిల మీద పడ్డాను. అవి మానితే ఇంట్లోవాళ్ళ మీద పడ్డాను. ధ్యానంలో కూర్చోవడం మొదలుపెట్టాకే కాస్త కుదుటపడ్డాను. నాతో రా."

"కళ్ళు మూసుకుని కూర్చుంటే నాకు నిద్రొస్తుందిరా."

"పోనీ, నిద్రపో. రా ముందు."

గ్రంథాలయం మేడ మీద ఒక గది ఉంది. నేల మీద చాపలు, ఒక కిటికీ. అక్కడ ధ్యానం నేర్పేది రిటైరైన నర్సు. పొడి మాటల మనిషి, నవ్వు కూడా కొలిచి నవ్వేది. దర్జీ తన గొడవంతా చెప్పుకున్నాడు. ఆవిడ చివరిదాకా విని అంది: "జ్వరానికి మాత్ర వేస్తే ఒళ్ళు చల్లబడుతుంది. లోపల చీము అలాగే ఉంటే మళ్ళీ కాలుతుంది. మీరిన్నాళ్ళూ ఆ మాట మీద పడి కొట్టారు. దాన్ని వదిలెయ్యండి. రానివ్వండి. అది రాబోయే ముందు లోపల ఏమొస్తోందో అది చూడండి."

"చూసి ఏం చెయ్యాలి?"

"ఏం చెయ్యొద్దు. మీకు అదే కష్టం."

నిజంగానే కష్టమైంది. నర్సు ముందు ఊపిరి గమనించమంది. కళ్ళు మూసుకుంటే ఊపిరి కనపడేది కాదు, కుట్టాల్సిన ప్యాంట్లు కనపడేవి. మోకాళ్ళు సలిపేవి. మానేద్దామని ఎన్నోసార్లు అనుకున్నాడు. కానీ మానేస్తానని ఆ నర్సు మొహం మీద చెప్పాలంటే ధైర్యం చాలలేదు. ఆవిడ ఎదుట పడ్డప్పుడల్లా "వస్తానమ్మా, రేపూ వస్తాను" అనేవాడు. అన్నందుకు వెళ్ళేవాడు. ఆ పాడు అలవాటే అతన్ని అక్కడ కూర్చోబెట్టింది.

అలా కూర్చోగా కూర్చోగా ఒక రోజు ఊపిరి మీద మనసు కాస్త నిలిచింది. ఆ నిలకడలో బొమ్మల టీచరు మొహం గుర్తొచ్చింది. రావడంతోటే పక్కటెముకల కింద ఏదో పిడికిట్లో పట్టి పిండినట్టయింది. ఇది కొత్తది కాదు. ఎన్నాళ్ళనుంచో ఉన్నదే, ఎన్నడూ తిరిగి చూడనిది. నర్సు చెప్పినట్టు దాన్నేమీ చెయ్యకుండా చూస్తూ కూర్చున్నాడు.

తండ్రి గుర్తొచ్చాడు. ఆయన కొట్టేవాడు కాదు, తిట్టేవాడు కాదు. కోపమొస్తే మాట్లాడటం మానేసేవాడు. ఒకే ఇంట్లో, ఒకే బల్ల దగ్గర, పిల్లవాడు అక్కడ లేనట్టే ప్రవర్తించేవాడు. ఆ మౌనం తన మీద పడకుండా ఉండటానికి పిల్లవాడు "అయిపోయింది నాన్నా", "చేసేశాను నాన్నా" అనడం నేర్చుకున్నాడు. తండ్రి పోయి చాలా కాలమైంది. పిండే పిడికిలి మాత్రం ఇంకా పనిలోనే ఉంది. ఎవరి మొహం వాడబోతున్నట్టు కనిపించినా బిగుసుకునేది. వెంటనే "రేపు" అంటే వదిలేది. ఇంతకీ ఆ మాట వచ్చినవాళ్ళకి చెప్పేది కాదు, తనకి తాను వేసుకునే మందు.

తరవాత కొట్లోనూ అదే పని పెట్టుకున్నాడు. ఒక పెద్దమనిషి సూటు గుడ్డ బల్ల మీద పరిచి "ఈ వారంలో కావాలి" అన్నాడు. పిడికిలి బిగిసింది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. దర్జీ టేపు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. బిగిసింది బిగిసి, కాసేపటికి దానంతటదే సడలింది.

"ఈ వారంలో కుదరదండీ. వచ్చే నెల చివరికైతే ఇస్తాను."

పెద్దమనిషి గుడ్డ చుట్టుకుని విసవిసా వెళ్ళిపోయాడు. పక్క కొట్లోంచి స్నేహితుడు తొంగిచూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

కథ ఇక్కడితో ఆగితే అందరికీ సుఖంగా ఉండేది. భార్యకి ఒక చెల్లెలు ఉంది, పెళ్ళి చేసుకోలేదు, వేరే ఊళ్ళో ఒంటరిగా ఉంటోంది. తమ ఇంటి పైగది ఖాళీ చేసి ఆమెని తెచ్చిపెట్టుకుందామని భార్య ఎప్పటినుంచో అంటోంది. దర్జీ ప్రతిసారీ "దానికేం, ఖాళీ చేసేద్దాం" అనేవాడు. గదినిండా గుడ్డలు అలాగే ఉండేవి. ఆ సాయంత్రం భార్య మళ్ళీ ఎత్తింది.

"పైగది సంగతి ఏం చేశావ్?"

పిడికిలి ఇంతకుముందెన్నడూ అంత గట్టిగా పట్టలేదు. ఊపిరి తీసుకున్నాడు.

"నాకు ఇష్టం లేదు. మొదటినుంచీ లేదు" అన్నాడు.

భార్య చేతిలో గిన్నె కింద పెట్టింది. "మరి ఇన్నేళ్ళూ సరేనన్నావుగా?"

"నువ్వు బాధపడతావని."

"ఇప్పుడు పడటం లేదా?"

ఆ సాయంత్రం నుంచి ఆవిడ మాట్లాడటం మానేసింది. ఒకే ఇంట్లో, ఒకే బల్ల దగ్గర, చిన్నప్పుడు ఏ మౌనానికి హడలిపోయాడో అదే వచ్చి కూర్చుంది. "సరే, రమ్మను" అని ఒక్క మాటంటే తీరిపోయేది. ఎన్నోసార్లు అనబోయాడు కూడా. అనకుండా పొద్దున్నే లేచి చాప మీద కూర్చునేవాడు. పిండుతున్నంతసేపూ చూసేవాడు. ఆ మౌనం వల్ల తను చచ్చిపోవడం లేదని మెల్లగా తెలిసొచ్చింది. భార్య తన తండ్రి కాదని, ఆవిడ కోపానికి కారణం ఉందని కూడా తెలిసొచ్చింది.

వారం తిరక్కుండా మరదలే కొట్టుకి వచ్చింది.

"అక్క ఫోన్లో చెప్పింది బావగారూ. ఇష్టం లేకపోవడం తప్పని నేననను. ఎవరిల్లు వాళ్ళది" అంది స్టూలు లాక్కుని కూర్చుంటూ. "కానీ మీ మాట నమ్మి మా వీధిలో మంచి ఇల్లు వస్తే వద్దనుకున్నాను. సామాన్లు సగం కట్టి, సగం విప్పి బతుకుతున్నాను. ఆ మాట అప్పుడే చెప్పుంటే ఒక్క రోజు ఏడ్చి ఊరుకునేదాన్ని కదా?"

అతను బొమ్మకి తొడిగిన చొక్కా వైపు చూశాడు. ఓదార్చే మాటలు నోటినిండా వచ్చాయి. అన్నీ అబద్ధాలే. ఒక్కటీ బయటికి రానివ్వలేదు.

"అవునమ్మా. తప్పు నాదే" అన్నాడు.

ఆమె ఇంకా ఏదో వస్తుందని చూసింది. ఏమీ రాలేదు. కాసేపటికి ఆమె మొహం కొద్దిగా తేటపడింది. "మీరింత తక్కువ మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు" అంది.

ఆ నెలలోనే ఆమె రెండు వీధుల అవతల చిన్న వాటా తీసుకుంది. భార్య మాట్లాడటం మొదలుపెట్టింది, కానీ ముందటిలా కాదు. ఏదైనా అడిగితే జవాబు విన్నాక "నిజంగానా?" అని మళ్ళీ అడిగేది. అతను విసుక్కోకుండా రెండోసారి లోపల చూసుకుని చెప్పేవాడు. కొన్నిసార్లు మొదటి జవాబు మారేది.