బావా, తుపాకీ ఎక్కడ పెడతావు?

బ్యాంకు గేటు దగ్గర స్టూలు మీద కూర్చునే గార్డుకి సొంత తుపాకీ ఉంది. లైసెన్సుతో సహా తుపాకీ ఉన్నవాడికే ఆ ఉద్యోగం ఇచ్చారు. రెండు గొట్టాల పాత తుపాకీ. ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ దాన్ని పేల్చాల్సిన అవసరం ఒక్కసారీ రాలేదు. డబ్బు కట్టడానికి వచ్చేవాళ్ళు అతని చేత చలాన్లు నింపించుకుంటూ, "ఇది నిజంగా పేలుతుందా, గొడుగు బదులు పట్టుకున్నావా?" అని ఆటపట్టించేవారు. అతనూ నవ్వేసేవాడు.

ఇంట్లో మాత్రం ఆ విషయంలో నవ్వులాట లేదు. పడకగదిలో గోడకి బోల్టులతో బిగించిన ఇనప బీరువాలో తుపాకీ, వంటింటి అటక మీద తాళం వేసిన పెట్టెలో తూటాలు. రెండు తాళంచెవులూ ఎప్పుడూ అతని దగ్గరే. స్నానానికి వెళ్ళినా వెంటే. "నన్నయినా ఎక్కడో మర్చిపోతారు గానీ వాటిని మర్చిపోరు" అని భార్య దెప్పేది.

ఆ ఇంటికి ఆమె తమ్ముడు వచ్చాడు. వ్యాన్ డ్రైవరు. పెళ్ళి చేసుకోలేదు. ఒకప్పుడు అతను గుమ్మంలో అడుగు పెడితే ఇల్లంతా నవ్వులతో గొల్లుమనేది. వాన కురుస్తున్న ఓ సాయంత్రం ఘాట్ రోడ్డు మలుపులో బ్రేకులు పట్టక వ్యాను బోల్తా పడింది. వెనక సీట్లో కూర్చున్న తల్లీ కూతుళ్ళు పోయారు. తప్పు బండిదే గానీ డ్రైవరుది కాదని కోర్టు చెప్పింది. ఆ మాట అతని చెవికెక్కలేదు. వ్యాను ఎక్కడం మానేశాడు, తర్వాత మాట్లాడ్డం మానేశాడు. అక్క వెళ్ళి బతిమాలి తీసుకొచ్చి, ముందుగదిలో కిటికీ పక్కన మంచం వేసింది. పెడితే తింటాడు, పెట్టకపోతే అడగడు.

బావమరిదికి తోడుగా ఉందామని గార్డు కొన్నాళ్ళు సెలవు పెట్టాడు. మళ్ళీ డ్యూటీకి బయల్దేరే రోజు పొద్దున బూట్లు వేసుకుంటుంటే, మంచం మీంచి బావమరిది అడిగాడు.

"బావా, డ్యూటీ అయ్యాక తుపాకీ ఎక్కడ పెడతావు?"

ఎన్నో రోజుల తర్వాత అతను తనంతట తాను అడిగిన మొదటి మాట అది. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

"బ్యాంకులోనే పెట్టేస్తార్రా. ఇంటికి మోసుకురావడం ఎందుకు?" అన్నాడు, బూటు లేసు మీంచి తల ఎత్తకుండా.

అన్నాడు గానీ తుపాకీ అప్పటికి బీరువాలోనే ఉంది. భార్యకి సైగ చేశాడు. ఆమె దుప్పట్లు పిండాలనే వంకతో తమ్ముణ్ణి పెరట్లోకి తీసుకెళ్ళింది. ఈలోగా అతను తుపాకీని పాత దుప్పటిలో చుట్టి, చాప చంకన పెట్టుకున్నవాడిలా వీధిలోకి జారుకున్నాడు.

బ్యాంకుకి వెళ్ళగానే మేనేజరు గదిలోకి వెళ్ళాడు. "సార్, కొన్నాళ్ళు రాత్రిళ్ళు దీన్ని స్ట్రాంగ్ రూములో పెట్టుకోనిస్తారా?"

"నీ సొంత తుపాకీ స్ట్రాంగ్ రూములోనా? ఆడిట్ వాళ్ళు నన్ను ఉతికి ఆరేస్తారయ్యా. అయినా ఇంట్లో బీరువా ఉందన్నావుగా, ఇప్పుడేమొచ్చింది?"

బావమరిది సంగతి పరాయివాళ్ళ ముందు చెప్పడానికి అతనికి నోరు రాలేదు. "ఇల్లు ఇరుకు సార్" అన్నాడు. ఆ ముక్కకి ఎవరు మాత్రం కరుగుతారు?

భోజనం వేళ పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాడు. "ఊరెళ్తున్నావంటే పెట్టుకుంటాం. రోజూ సాయంత్రం పెట్టి పొద్దున పట్టుకెళ్తానంటే ఇదేమన్నా సైకిల్ స్టాండా?" అన్నాడు అక్కడి హెడ్ కానిస్టేబులు. తుపాకుల దుకాణం యజమాని కాస్త మర్యాదగా చెప్పాడు. "నెలల తరబడి ఉంచుతానంటే తీసుకుంటాను. రోజూ ఇచ్చిపుచ్చుకోవడాలు కుదరవు."

"తుపాకీ లేకపోతే నాకు ఉద్యోగం లేదండీ."

"మరి నన్నేం చెయ్యమంటావు?" అన్నాడు యజమాని, విసుగేమీ లేకుండానే.

సాయంత్రం దుప్పటి చుట్ట మళ్ళీ ఇంటికే వచ్చింది. భార్య తమ్ముణ్ణి వెంటబెట్టుకుని కూరలకి వెళ్ళింది. అతను దొడ్డిగుమ్మంలోంచి వచ్చి, తుపాకీ బీరువాలో పెట్టి, తాళం లాగి చూసి, గది దాటి, వెనక్కి వచ్చి మళ్ళీ లాగి చూశాడు. ఆ రోజు నుంచీ మొగుడూ పెళ్ళాలు సొంతింట్లో దొంగల్లా మసిలారు. మాట్లాడుకోవాలంటే కుళాయి తిప్పుకుని మాట్లాడుకునేవారు.

అలా నడుస్తుండగా ఓ సాయంత్రం అతను పెరటి తలుపు తోసేసరికి, బావమరిది దొడ్డిగుమ్మం మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఆ రోజు అక్కతో కూరలకి వెళ్ళలేదు. దుప్పటి చుట్ట చంకలో పెట్టుకుని గార్డు కొయ్యబారిపోయాడు.

"దించు బావా. చెయ్యి లాగుతుంది."

"ఇది... చాపరా..."

"మొదటిరోజే చూశాను. దండెం మీద దుప్పటి ఆరేస్తుంటే కనపడ్డావు."

గార్డు మెట్టు మీద కూలబడ్డాడు. "మరి ఎందుకడిగావురా ఆ మాట?"

"భయమేసి అడిగాను. ఎక్కడుందో చెబితే అటువైపు వెళ్ళకుండా ఉంటాను కదా అని. నువ్వేమో ఇంట్లో లేదన్నావు. తీరా ఇంట్లోనే ఉంది. అప్పట్నుంచీ ఇల్లంతా అదే ఉన్నట్టుంది బావా. మంచం కింద ఉందేమో, తలుపు వెనక ఉందేమో... వద్దనుకుంటున్నా మనసు వెతుకుతూనే ఉంది."

కూరల సంచీతో పెరట్లోకి వచ్చిన అక్క చివరి మాటలు విన్నది. వచ్చి తమ్ముడి పక్కన కూర్చుంది. "ఒక్కసారి నాతో చెప్పొచ్చుగారా."

"ఎలా చెప్పనక్కా? నన్ను చూసినప్పుడల్లా నీ మొహం ఎలా అయిపోతోందో నీకు తెలీదు."

"రేపే దీన్ని దుకాణంలో ఇచ్చేస్తాను. ఇక ఇంట్లో ఉండదు" అన్నాడు గార్డు.

"నీ ఉద్యోగం?"

"పోతే పోనీరా."

"అదీ నావల్లేనా?" అన్నాడు బావమరిది.

ఉంచితే ఒక బాధ, తీసేస్తే ఇంకో బాధ. తుపాకీ చేతిలో పెట్టుకుని నలుగురికి కాపలా కాసే మనిషి, పక్కనే కూర్చున్న ఒక్కడికి ఎలా కాపలా కాయాలో తెలియక మోకాళ్ళ మధ్య తల పెట్టుకున్నాడు.

మర్నాడు తుపాకీని, తూటాలని దుకాణంలో అప్పగించాడు. వారం తిరక్కుండా స్టూలు మీదికి ఇంకొకరు వచ్చారు. ఆ సంగతి తెలిసిన పూట బావమరిది అన్నం ముట్టలేదు. అక్కా బావా అతన్ని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. డాక్టరమ్మ అంతా విని, "తుపాకీ తీసేసి మంచి పని చేశారు. మందులు పనిచెయ్యడానికి టైం పడుతుంది. అప్పటిదాకా ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండండి" అంది.

"ఎన్నాళ్ళమ్మా?" అన్నాడు గార్డు.

"చెప్పలేనండీ" అంది ఆవిడ.

ఇప్పుడతను ఓ అపార్ట్‌మెంటు గేటు దగ్గర విజిల్ ఊదుతూ కార్లు వెనక్కి తీయిస్తున్నాడు. జీతం తక్కువే, ఇల్లు ఎలాగో గడుస్తోంది. బావమరిది మందులు వేసుకుంటున్నాడు. ఒకరోజు నాలుగు మాటలంటాడు, ఇంకోరోజు గోడకేసి తిరిగి పడుకుంటాడు.

మొన్న ఆదివారం చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "వీధి చివరిదాకా వెళ్ళొస్తా."

"పద, నేనూ వస్తా" అన్నాడు గార్డు.

"వద్దు బావా. ఒక్కణ్ణే వెళ్ళనీ. ఊపిరాడట్లేదు, ఎప్పుడూ ఎవరో ఒకరు..."

మొగుడూ పెళ్ళాలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వెళ్ళమనడానికి ధైర్యం చాలలేదు, వద్దనడానికి నోరు రాలేదు. అతను మెట్లు దిగి వెళ్ళిపోయాడు. కిరాణా కొట్టు దాటి, మలుపు తిరిగేదాకా కనిపించాడు. తర్వాత కనిపించలేదు. భార్య గేటు ఊచ పట్టుకున్న చెయ్యి వదల్లేదు. గార్డు వెంట వెళ్దామని రెండడుగులు వేసి ఆగిపోయాడు.

చాలాసేపటికి బావమరిది తిరిగొచ్చాడు. మొహం కడుక్కుని, "ఎండ బాగా ఉందక్కా" అన్నాడు. ఆమె నీళ్ళ గ్లాసు ఇచ్చింది.

ఈ రోజు పొద్దున మళ్ళీ చెప్పులు వేసుకుంటున్నాడు.